కోల్‌కతా పగటి కలలు, దారిలో కలిసిన మాటలు: మళ్ళీ వెళ్ళాలా, వద్దా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. రెండేళ్ళ కిందట స్నేహితుడి పెళ్ళికి కోల్‌కతా వెళ్ళి మూడు రోజులున్నారు. అప్పట్నుంచి హైదరాబాద్‌లో ఆఫీసులో కూర్చున్నా, మెట్రోలో నిలబడ్డా మనసు అక్కడికే పోతోంది. రాత్రిళ్ళు ఫోన్లో ఆ వీధుల మ్యాపులు తెరిచి చూసుకుంటున్నారు. పూలదండలు తెమ్మని పంపితే దారి తప్పి, ఒక టీ కొట్టు దగ్గర ఆగితే, అక్కడ ఎవరో పెద్దాయన అరగంటసేపు మాట్లాడిన సంగతి మరీ గుర్తొస్తోంది. మళ్ళీ వెళ్తే ఆ కల చెదిరిపోతుందని భయం, వెళ్ళకపోతే ఉండబట్టడం లేదు. పైగా మీకు మొహమాటం ఎక్కువ, కొత్తవాళ్ళతో మాట కలపడం రాదు.

వెళ్ళండి. అయితే ఊరు చూడటానికని వెళ్ళకండి, ఏదో ఒక పని పెట్టుకుని వెళ్ళండి. చిన్న పనైనా ఫర్వాలేదు, పిచ్చి పనైనా ఫర్వాలేదు. మీకు ఆ పెద్దాయన దొరికింది కూడా చేతిలో పని ఉండి, అది ఎక్కడ అవుతుందో తెలియక నిలబడినందుకే. విక్టోరియా మెమోరియల్ ముందు ఫోటో తీసుకుంటుంటే ఆయన మిమ్మల్ని పలకరించేవాడా? నాకైతే నమ్మకం లేదు.

ఈ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే నా సంగతి కొంచెం చెప్పాలి. నేను ఆకివీడు దగ్గర చేపల వ్యాపారంలో లెక్కలు రాసినవాణ్ణి. 1994 నుంచి 2019 దాకా అదే పని. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన శీలావతి, బొచ్చె ఐసులో సర్ది లారీల్లో హౌరా పంపుతారని మీకు తెలిసే ఉంటుంది. లోడు వెళ్ళడం ఒక ఎత్తు, డబ్బు రావడం ఒక ఎత్తు. అక్కడి కమీషన్ కొట్ల వాళ్ళతో పద్దులు సరిచూసుకుని, బాకీ రాబట్టుకురావడానికి మా షావుకారు నన్ను ఏడాదికి మూడు నాలుగుసార్లు పంపేవారు. ఆ లెక్కన డెబ్భై, ఎనభై సార్లు వెళ్ళి ఉంటాను. అన్నీ పని మీద వెళ్ళినవే.

మొదటిసారి ఆ ఊరు నాకు అస్సలు నచ్చలేదు. జులై నెల. హౌరా స్టేషన్ పక్కనే చేపల మార్కెట్టు. కింద ఐసు నీళ్ళు, పైన వాన నీళ్ళు, మధ్యలో నేను. భాష తెలియదు. మూడు రోజులు తిరిగితే రావలసినదాంట్లో సగమే చేతికొచ్చింది. ఇంక ఈ ఊరు రాకూడదనుకుంటూ బండెక్కాను. ఇంటికొచ్చిన నెల రోజులకు ఒకరోజు చెరువు గట్టు మీద కాటా దగ్గర నిలబడి బరువులు రాసుకుంటున్నాను. పక్కన నీళ్ళు తోడే డీజిల్ ఇంజను డబడబమంటోంది. అది ఉన్నట్టుండి హుగ్లీ నది మీద ఫెర్రీ ఇంజను చప్పుడైపోయింది. అంతే, నేను గట్టు మీద లేను. కాటా దగ్గరి కుర్రాడు "నలభై రెండు, నలభై రెండు" అని రెండుసార్లు అరిచినా నాకు వినపడలేదట. ఆ రోజు లెక్క తేలలేదు, షావుకారు చేత చివాట్లు తిన్నాను.

అప్పట్నుంచి ఇప్పటిదాకా ఆ ఊరు నాతోనే ఉంది. అందుకే "ఇదేమైనా జబ్బా" అని మీరు అడిగితే నవ్వొచ్చింది.

అసలు మన తెలుగువాళ్ళకు ఈ కలకత్తా పిచ్చి కొత్తదేం కాదు. శరత్ నవలలు తెలుగులోకి వచ్చి, ఇంటింటా చదివిన రోజుల్లో ఆయన బెంగాలీ అంటే నమ్మనివాళ్ళు ఉండేవారని చెప్పుకుంటారు. మా అమ్మ తాడేపల్లిగూడెం దాటి ఎరగదు. అయినా నేను హౌరా వెళ్ళొచ్చానంటే "అక్కడ ఇళ్ళకు ఇంకా ఆ పొడుగు వరండాలున్నాయా" అని అడిగింది. వీరేశలింగం గారిని, కలకత్తా సంస్కర్త ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పేరు పెట్టి, దక్షిణాది విద్యాసాగరుడు అన్నారంటే, అప్పట్లో మన పెద్దలకు ఆ ఊరు ఎంత దగ్గరో చూసుకోండి. కాబట్టి మీరు ఒక్కరే కాదు, మీ వెనక చాలామంది ఉన్నారు.

ఇప్పుడు ఒక పని చేయండి. మీ పగటి కలలో సరిగ్గా ఏం కనపడుతోందో కాగితం మీద పెట్టండి. ఊరి పేరు రాసి ఊరుకోకండి, వస్తువులు రాయండి. నా కలలో హౌరా వంతెన ఎప్పుడూ ఉండదు, చెబితే మీరు నమ్మరు. 1943లో తెరిచినప్పట్నుంచి ఊరుఊరంతా దాని బొమ్మే. నాకు మాత్రం కనపడేది ఫెర్రీ రేవులో ఇనప వంతెన. హుగ్లీలోకి సముద్రపు పోటు వస్తుంది కదా, నీళ్ళు పెరిగి తగ్గుతుంటాయి. రేవు పడవలా తేలుతూ ఉంటుంది. పోటు మీదున్నప్పుడు గట్టు నుంచి రేవుకు ఆ వంతెన బల్లపరుపుగా ఉంటుంది. నీళ్ళు తగ్గే పాటులో మాత్రం నిచ్చెనలా దిగిపోతుంది, ముసలివాళ్ళు పక్కనున్నవాళ్ళ భుజం పట్టుకుని దిగుతారు. నా కల అక్కడ మొదలవుతుంది. తర్వాత మట్టి కప్పులో టీ. మొదటి గుక్కలో టీ కన్నా ముందు తడిసిన మట్టి పెదవికి తగులుతుంది. ఆ తర్వాత ఎవరిదో ఒక గొంతు.

మీరూ రాసి చూడండి, ఎక్కడో ఒకచోట ఒక గొంతు తగులుతుంది. మీకది టీ కొట్టు పెద్దాయన. ఆ గొంతే లేకపోతే ఈ కల రెండు నెలల్లో పాతబడేదని నా లెక్క. నేను చెన్నై, ముంబై కూడా పని మీద తిరిగాను. అక్కడ నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు, నాకవి కలలోకీ రావు.

ఇక నా కలలో గొంతు ఎవరిదో చెబుతాను. ఇది నాకు ఇష్టమైన కథ, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

2003 వానాకాలం. హౌరా నుంచి బాబూఘాట్ వెళ్ళే ఫెర్రీ. నా ఒళ్ళో పద్దు పుస్తకం, తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంది. ఎంత చుట్టినా దానికి చేపల వాసన పోదు. పక్కన ధోవతి కట్టుకున్న ఒక పెద్దాయన, చేతిలో నైలాన్ సంచి. ముక్కు ఎగబీల్చి, పుస్తకం వైపు చూసి, చేపల ఖాతానా అన్నాడు. అవునన్నాను. ఏ ఊరన్నాడు. ఆంధ్రా అన్నాను. అంతే, ఆయన నా వైపు పూర్తిగా తిరిగి కూర్చున్నాడు.

"అయితే ఆ చేపలు పంపేది నువ్వేనా? మీ చేపకు రుచి ఉండదు" అన్నాడు హిందీలో.

"మరెందుకు కొంటారండీ?"

"రోజూ ఇలిష్ కొనగలనా?" అని, ఒక్క క్షణం ఆగి, "మీ ఇంట్లో మీరు ఏం తింటారు?" అన్నాడు.

నేను అబద్ధం ఆడకుండా చెప్పాను: కొర్రమీను, సముద్రపు చేప, సీజన్లో దొరికితే పులస. బొచ్చె ఎప్పుడో గానీ వండుకోమని. ఆయన చెయ్యెత్తి పడవలో అందరికీ వినపడేలా బెంగాలీలో ఏదో అన్నాడు. "వీళ్ళు తినని చేప మనకు పంపుతున్నారు" అన్నాడని ఎదురు బల్ల మీది కుర్రాడు నాకు చెప్పాడు. అందరూ నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి.

అప్పుడు తట్టింది, పులస అంటే వాళ్ళ ఇలిషే కదా అని. సముద్రం నుంచి వరద గోదావరికి ఎదురీదుకుంటూ వచ్చే అదే చేప. ఆ మాట చెప్పేసరికి పడవలో నా పరపతి పెరిగింది. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అన్న మన సామెతను హిందీలో చెప్పడానికి నానా తంటాలు పడ్డాను. పుస్తెలంటే ఏమిటో చేత్తో మెడ దగ్గర చూపించాల్సి వచ్చింది. పెద్దాయన మొహం వెలిగిపోయింది. మీరెలా వండుతారన్నాడు. పులుసు పెడతాం, చింతపండు పోస్తాం అన్నాను.

ఆ వెలుగు ఆరిపోయింది. "ఇలిష్‌లో చింతపండా?" వాళ్ళు ఆవాలు నూరి, ఆవనూనెతో వండుతారు. ఆయన తల పట్టుకున్నాడు. బెండకాయ ముక్కలు కూడా వేస్తామని అనకుండా ఉండాల్సింది, అనేశాను. మట్టి దాకలో సన్నటి సెగ మీద ఉడికించి, వండిన రోజు తినకుండా మర్నాడు తింటామని కూడా చెప్పాను. ఇంక ఆయన మాట్లాడలేదు. పాపం చేసినవాణ్ణి చూసినట్టు చూశాడు.

బాబూఘాట్ వచ్చింది. పాటు సమయం, ఇనప వంతెన నిటారుగా ఉంది. ఆయన నా భుజం పట్టుకుని ఎక్కాడు. సగం ఎక్కాక ఆగాడు. ఆయాసం వల్ల అనుకున్నాను. నా చెవి దగ్గరికి వచ్చి, ఎవరూ వినకూడదన్నట్టు, "మర్నాటికి ముల్లు మెత్తబడుతుందా?" అన్నాడు.

కొంచెం మెత్తబడుతుందని చెప్పాను. తలూపి, సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ కనపడలేదు. ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ నేను ఖాళీగా కూర్చుంటే ఆయన వాళ్ళింట్లో భార్యతో చింతపండు సంగతి ఎలా చెప్పి ఉంటాడో ఊహించుకుంటాను. ఒక్కో రోజు ఆవిడ గరిటె తీసుకుని వెంటపడుతుంది, ఒక్కో రోజు రహస్యంగా వండి పెడుతుంది.

ఇప్పుడు దీని పక్కన ఇంకోటి పెట్టి చూడండి. ఉద్యోగం మానేశాక, 2023 డిసెంబరులో మా ఆవిడను తీసుకుని మొదటిసారి సరదాకి వెళ్ళాను. పని లేదు, పద్దు లేదు, చేతిలో మంచి ఫోను ఉంది. విక్టోరియా మెమోరియల్, దక్షిణేశ్వర్, బేలూరు మఠం, మ్యూజియం, అన్నీ వరసగా చూశాం. మూడు రోజుల్లో మాతో మాట్లాడింది ట్యాక్సీవాళ్ళు, లాడ్జి కుర్రాడు, ఫోటో తియ్యమన్న ఒక జంట. "ఇదేనా ఇన్నేళ్ళుగా నువ్వు చెప్పిన ఊరు?" అంది మా ఆవిడ. నా దగ్గర జవాబు లేదు. మీరు భయపడుతున్నది సరిగ్గా దీనికే అనుకుంటా. కల చెదిరిపోయిందనే అనుకున్నాను నేను కూడా.

నాలుగో రోజు పొద్దున మా ఆవిడ కళ్ళజోడు కాడ మరమేకు ఊడి మంచం కింద ఎక్కడో పోయింది. అది లేకపోతే ఆవిడకు మెట్లు కనపడవు. లాడ్జి వాళ్ళను అడిగితే బౌబజార్ వైపు కళ్ళజోళ్ళ కొట్లు ఉంటాయన్నారు. పట్టుకుని బయల్దేరాం. మొదటి కొట్టు ఇంకా తెరవలేదు. పక్కన టీ కొట్టువాడు కూర్చోమన్నాడు. పేపరు చదువుతున్న ఒకాయన ఆ కళ్ళజోడు తీసుకుని వెలుతురులో పెట్టి చూసి, ఇది కొట్లో అక్కర్లేదు అన్నాడు. ఇంకొకాయన అక్కర్లేదంటే ఎలా, మరమేకు సైజు చూడాలి అన్నాడు. ఇద్దరూ వాదించుకున్నారు. ఈలోగా మూడో ఆయన మా ఆవిడను మీది ఏ ఊరమ్మా అని అడిగాడు. తొమ్మిదిన్నరకు కొట్టు తెరిచే సమయానికి మా ఆవిడకు ఆ ముగ్గురిలో ఎవరి కూతురికి ఎక్కడ సంబంధం కుదిరిందో తెలుసు. నాకే తెలియలేదు. కొట్టతను పాత సీసాలో మరమేకులన్నీ ఒక గుడ్డ మీద పోసి, పట్టకారుతో ఒక్కోటి ఎత్తి చూసి, పదకొండోది సరిపోయిందన్నాడు. డబ్బు తీసుకోలేదు.

తిరుగు ప్రయాణంలో మా ఆవిడ కిటికీ పక్కన కూర్చుని ఏమీ మాట్లాడకుండా నవ్వుకుంటోంది. ఏమిటంటే, "ఆ మరమేకుల సీసా" అంది. ఇంకేం, ఆవిడకూ పట్టుకుంది.

ఇక మాట కలపడం గురించి. మీకు మొహమాటం అన్నారు. నాకు తెలిసినంతలో మొహమాటస్థులకే మంచి మాటలు దొరుకుతాయి, ఎందుకంటే వాళ్ళు వింటారు. వాగుడుకాయలకు వాళ్ళ మాటే మిగులుతుంది. అయినా కొన్ని కిటుకులు చెబుతాను.

రైల్లో వెళ్ళండి, విమానంలో కాదు. విమానంలో పక్కవాడు చెవుల్లో ఏదో పెట్టుకుని నిద్రపోతాడు. రైల్లో మాట దానంతటదే పుడుతుంది. ఉదాహరణకు విశాఖ స్టేషన్. కోరమాండల్ లాంటి బళ్ళు స్టేషన్‌లోకి వచ్చిన దారినే మళ్ళీ బయటికి పోవాలి. ఇంజను విప్పి వెనక తగిలిస్తారు. అప్పటిదాకా ముందుకు చూస్తూ కూర్చున్నవాడు వెనక్కి వెళ్తుంటాడు. కొత్తవాళ్ళు ఎవరో ఒకరు కంగారుపడి "బండి వెనక్కి పోతోందేమిటి?" అని తప్పకుండా అంటారు. ఆ ఒక్క ప్రశ్నతో ఎన్ని స్నేహాలు కలిశాయో నేను చూశాను. మీకు తెలిసినా తెలియనట్టు ఊరుకోండి, ఎదుటివాళ్ళను చెప్పనివ్వండి. ఒడిశాలో చిలికా సరస్సు పక్కనే బండి పోతున్నప్పుడు కూడా అంతే, కిటికీ పక్కవాడు పక్కకు జరిగి చోటిస్తాడు. ఆ జరగడమే పలకరింపు.

రెండోది, భాష రాదని వాళ్ళ భాషలోనే చెప్పండి. "ఆమి బాంగ్లా జానీ నా." నాకు బెంగాలీ రాదు అని బెంగాలీలో చెప్పేవాణ్ణి చూసి నవ్వనివాడు నాకు తగల్లేదు. మగవాళ్ళను "దాదా", ఆడవాళ్ళను "దీదీ" అంటే చాలు. వాళ్ళ ఊళ్ళో తీరిగ్గా కూర్చుని చెప్పుకునే కబుర్లకు "అడ్డా" అని పేరు. మనకు అడ్డా అంటే పొద్దున్నే కూలీలు పని కోసం నిలబడే చోటు. వాళ్ళకు పనిలేకుండా కూర్చునే మాట. ఈ తేడా చెప్పి కూడా నేను ఒకసారి గంటసేపు అడ్డా వేశాను.

కాలేజ్ స్ట్రీట్ కాఫీ హౌస్‌కు వెళ్ళమని అందరూ చెబుతారు. వెళ్ళండి, చూడాల్సిన చోటే, పాత ఆల్బర్ట్ హాలు అది. కానీ అక్కడ ప్రతి బల్లకూ వాళ్ళ గుంపు వాళ్ళకుంటుంది, ఒంటరిగా వెళ్ళినవాడికి కాఫీ తప్ప ఏమీ దొరకదు. దానికన్నా కింద పాత పుస్తకాల కొట్ల దగ్గర ఫలానా పుస్తకం కావాలని అడగండి. తన దగ్గర లేకపోతే కొట్టువాడు పక్క కొట్టు వాణ్ణి కేకేస్తాడు, వాడు ఇంకొకణ్ణి. అరగంటలో వీధి మొత్తం మీ పుస్తకం వెతుకుతుంటుంది.

మనవాళ్ళకు ఒక జబ్బుంది: పరిచయమైన రెండో నిమిషంలో జీతం, మూడో నిమిషంలో కులం అడగడం. నేనూ చేశాను. ఒకసారి ఫెర్రీలో ఒకాయన్ను పిల్లలెంతమంది అని అడిగితే ఆయన లేచి అవతలి బల్ల మీద కూర్చున్నాడు. ఏం బాధ ఉందో ఆయనకు. అప్పట్నుంచి మనిషి గురించి అడగడం మానేసి, చేతిలో ఉన్న వస్తువు గురించి అడుగుతాను. గొడుగు ఎక్కడ కొన్నారు, ఆ సంచిలో ఏం చేప. చెప్పాలనుకుంటే మిగతాది వాళ్ళే చెబుతారు. ఒంటరిగా కూర్చున్న ఆడవాళ్ళ దగ్గర మాత్రం వాళ్ళంతట వాళ్ళు పలకరిస్తే తప్ప ఊరుకోండి.

డబ్బు సంగతి, ఎక్కడ దిగుతున్నారన్న సంగతి ఎవరికీ చెప్పకండి, ఎవరిచ్చినా తినకండి. ఇది నేను సొమ్ము పోగొట్టుకుని నేర్చుకున్నది. 1998లో రైల్లో ఒకతను ఎంతో మర్యాదగా మాట్లాడాడు. నేను మురిసిపోయి బాకీ వసూలుకు వెళ్ళొస్తున్నానని చెప్పేశాను. తెల్లారి లేచేసరికి అతనూ లేడు, నా సంచీ లేదు. డబ్బు బనియను లోపలి జేబులో ఉండబట్టి బతికాను గానీ సంచిలో పద్దు పుస్తకం పోయింది. ఆరు నెలల లెక్క. దాన్ని మళ్ళీ రాయడానికి నాకు పట్టిన టెన్షన్ ఇక్కడ చెప్పలేను. అయినా నిజం చెప్పాలంటే ఆ మనిషి మాట బావుండేది.

మాటలో పడి దొరికే అసలు లాభం ఏమిటో ఇంకొక్కటి చెప్పి వదిలేస్తాను. ఒకసారి తిరుగు ప్రయాణంలో కాదు, వెళ్ళేటప్పుడే, పలాసలో ఒకావిడ ఎక్కింది. మాట శ్రీకాకుళం యాస: "ఏటి బాబూ, ఏటూరు ఎల్తన్నావు" అంది. ఏ ఊరమ్మా అంటే ఖరగ్‌పూర్ అంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో వాళ్ళ తాత అక్కడి వర్క్‌షాపులో పనికి వెళ్ళి స్థిరపడ్డాడట. ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారని నాకు తెలుసు గానీ, పుట్టి పెరిగింది అక్కడే అయిన మనిషి నోట ఆ యాస అంత పచ్చిగా వినడం అదే మొదలు. సోంపేట వైపు ఏదో పల్లె వాళ్ళది. ఇప్పుడు పెళ్ళికి వెళ్ళి మొదటిసారి చూసిందట. ఎలా ఉందమ్మా అని అడిగాను. "మా అమ్మ చెప్పిన ఊరు కాదు బాబూ, అందులో చెరువు పెద్దది" అంది. కాసేపాగి, "ఉండనీ, అదీ ఉంటాది" అంది.

నేను ఆ మాట చాలాసార్లు వాడుకున్నాను. ఎందుకంటే మీ కలలో ఉన్న కోల్‌కతా అక్కడ ఉండదు. ఈ సంగతి ముందే తెలిసి వెళ్ళండి. 1873లో గుర్రాలతో మొదలైన ట్రాములు నేను వెళ్ళిన తొలిరోజుల్లో ఊరంతా గణగణలాడుతూ తిరిగేవి. 2024 సెప్టెంబరులో ఎస్‌ప్లనేడ్, మైదాన్ మధ్య ముక్క తప్ప మిగతావి ఆపేస్తామని ప్రకటించారు. పసుపు అంబాసిడర్ ట్యాక్సీలు ఏటేటా తగ్గిపోతున్నాయి, ఆ కారు తయారీ ఆగిందే 2014లో. అదే 2024 మార్చిలో నది కింద నుంచి మెట్రో వచ్చింది, హౌరా వైపు నుంచి 45 సెకన్లలో హుగ్లీ దాటించేస్తుంది. గొప్ప పనే, కాదనను. కానీ 45 సెకన్లలో చింతపండు సంగతి ఎవరితో మాట్లాడతారు? మీరు మాత్రం ఫెర్రీయే ఎక్కండి.

మారినదాన్ని చూస్తే కల పోతుందా అంటే, నా అనుభవంలో పోలేదు. ట్రాము నా కలలో ఇంకా తిరుగుతూనే ఉంది, బయట లేకపోయినంత మాత్రాన దానికేం కాలేదు. పైగా మరమేకుల సీసా వచ్చి చేరింది.

ఒక్క జాగ్రత్త. పగటి కల మీ పని చెడగొడుతోందా, నిద్ర పోగొడుతోందా, ఇంట్లోవాళ్ళతో మాట్లాడటం కన్నా అదే బావుందనిపిస్తోందా, గమనించుకోండి. అలా గంటలకు గంటలు మునిగిపోయేదానికి సైకాలజీ వాళ్ళు 2002 నుంచి ఒక పేరు కూడా పెట్టారు, మాల్‌అడాప్టివ్ డేడ్రీమింగ్ అని. అంతదూరం వస్తే డాక్టరును కలవండి, మొహమాటపడకండి. మీరు రాసినదాన్ని బట్టి అలా అనిపించలేదు. రాత్రి మ్యాపులు చూడటం అంటారా, నేను పాత రైల్వే టైమ్‌టేబుల్ తీసి చదువుకునేవాణ్ణి. మా ఆవిడ దాన్ని రెండుసార్లు పాత పేపర్లవాడికి వేసింది.

ఎప్పుడు వెళ్ళాలంటే, డిసెంబరు, జనవరి హాయిగా ఉంటుంది. దుర్గా పూజ రోజుల్లో ఊరు అద్భుతమే గానీ జనసముద్రం, మీలాంటివారు నలిగిపోతారు. నా ఓటు మాత్రం జులైకే, మొదటిసారి నేను తిట్టుకున్న నెలకే. వానకు అందరూ ఏదో ఒక చూరు కింద ఆగుతారు కదా.

ఏ పని పెట్టుకోవాలో తెలియడం లేదంటే నా పనే ఒకటి చేసిపెట్టండి. బౌబజార్‌లో ఆ కళ్ళజోళ్ళ కొట్టతనికి మేము బాకీ ఉన్నాం. ఆత్రేయపురం పూతరేకులు ఒక డబ్బా, బెల్లంవి, మీకు కొరియర్ చేస్తాను. కొట్టు పేరు నేను చూసుకోలేదు. గుర్తులు చెబుతాను: ఎదురుగా టీ కొట్టు, దానికి నీలం టార్పాలిన్, కొట్టతనికి ఎడమ చేతి బొటనవేలు గోరు నల్లగా ఉంటుంది, గల్లా పక్కన మరమేకుల సీసా. ఆ వీధిలో అలాంటి కొట్లు చాలా ఉన్నాయి, అడుగుతూ వెళ్ళాలి. పూతరేకులు కాగితాల్లా ఉంటాయని వాళ్ళకు తెలియదు, ఎలా తినాలో మీరే చూపించాల్సి వస్తుంది.